గుండె ఆపరేషన్ కుట్టు మీద ఏ పట్టీ వేయాలె? టేపు తీసినప్పుడల్లా తోలు లేస్తున్నది

దేవరకొండ_పిలగాడు

అందరికి నమస్తే. మా అమ్మకు 58 ఏండ్లు, షుగర్ ఉన్నది. హైదరాబాదుల బైపాస్ చేసిండ్రు, ఇయ్యాల్టికి 11 రోజులు. నాలుగు రోజుల కింద డిశ్చార్జి చేస్తే దేవరకొండ దగ్గర మా ఊరికి తెచ్చుకున్నం. ఛాతీ నడుమ కుట్టు జానెడు ఉంటది. పైదంతా ఎండింది. కింది చివర్ల, రొమ్ముల నడుమ, రెండు వేళ్ల మేర తడి తడిగ ఉంటున్నది. చీము కాదు, నీళ్ల లెక్క రసి. ఎడమ కాలుకు నరం తీసిన కాడ గూడ రసి వస్తున్నది, పాదం ఉబ్బింది.

రోజూ గాజ్ పెట్టి గోధుమ రంగు సాగే టేపు వేస్తున్నం. తీసినప్పుడల్లా తోలు ఎర్రగైతున్నది. నిన్న టేపు అంచుకు రెండు నీటి పొక్కులు లేచినయి. మెడికల్ షాపుల అడిగితే నాలుగు రకాలు ముందల పెట్టిండు: తెల్ల పేపర్ టేపు, కవర్ లెక్క లోపల కనబడేది, నడుమ మెత్త ఉండి చుట్టూ అంటుకునేది, ఇంకోటి సిలికాన్ ఫోమ్. ఆఖరిది రేటు బాగ ఎక్కువ. ఏది తీసుకోవాలె?

ఎండ 43 దాటింది, కరెంటు పోతే ఒళ్లంత చెమటే. ఊళ్లె వాళ్లు పసుపు పెట్టుమంటున్నరు, పప్పు తినిపిస్తే చీము పడతదంటున్నరు. బోరు నీళ్లతోని కడగొచ్చా? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

వార్డు_సిస్టర్

తమ్మీ, పట్టీ సంగతి తర్వాత, ముందుగాల ఆ కింది చివర తడి చూడాలె. కుట్టు పైతోలు మామూలుగ 48 గంటల్ల మూసుకుంటది. వారం దాటినంక ఛాతీ కుట్టు పొడిగ ఉండాలె. 11వ రోజు, అందుల షుగర్ ఉన్న మనిషికి, ఛాతీ నుంచి ఇంక రసి వస్తున్నదంటే చూపించుకునే తారీఖు దాక ఆగొద్దు. ఇయ్యాల్నే మంచి వెలుతుర్ల ఫోటో తియ్యి, పక్కన పిల్లల స్కేలు పెట్టి తియ్యి. డిశ్చార్జి కాగితం మీద ఉన్న నంబరుకు పంపి మాట్లాడు. రొమ్ముల బరువుకు కింది చివర సాగి, చెమటకు నాని, పైపైన తడి అయ్యుండొచ్చు. కాని ఎముక దాక పోయే ఇన్ఫెక్షన్ గూడ ఒక్కోసారి ఇట్లనే సప్పుడు చేయకుండ మొదలైతది. పైనుంచి చూసి నేను గాని, మీ ఊరి ఆర్‌ఎంపీ గాని తేల్చలేం.

దగ్గినప్పుడు రొమ్ము ఎముక టక్కుమని కదిలినట్టు అనిపించినా, గులాబి రంగు నీళ్లు ఒక్కసారి బట్ట తడిసేటట్టు కారినా ఫోన్ల మీద కాలం గడపొద్దు, 108 పిలువుండ్రి. జ్వరం 100.4 దాటితే, రసి చిక్కబడి వాసనొస్తే, నొప్పి తగ్గినట్టే తగ్గి మళ్ల పెరిగితే ఆ రోజే చూపియ్యాలె. ఎర్రదనం పాకుతున్నదా లేదా అన్నది కండ్లతోని గుర్తుండదు. దాని అంచు పొంటి బాల్‌పెన్నుతోని గీత గీయి, తెల్లారి గీత దాటిందా చూడు.

ఇగ టేపు. పొక్కులు అంచులకే లేచినయంటివి. అది అలర్జీ కంటే లాగుడు వల్ల అయ్యుంటది. సాగే టేపును సాగదీసి అంటిస్తే అది మళ్ల ముడుచుకోవాలని చూస్తది, ముడుచుకుంటూ పైతోలును కింది తోలు మీది నుంచి గుంజుతది. ఆ సందుల నీరు చేరితే పొక్కు. అలర్జీ అయితే టేపు ఎంత మేర ఉన్నదో అంత మేర, అచ్చు గుద్దినట్టు, దురదతోని దద్దు లేస్తది. ఏదైనా సరే ఆ టేపు పక్కన పెట్టు.

పొక్కులు చిదమకు. పగిలినా పైపొర కత్తిరించకు, అదే దానికి మూత. పగిలినదాని మీద పారాఫిన్ గాజ్ (వాజలిన్ లెక్క జిడ్డు పూసి ఉండేది, గాయానికి అంటుకోదు) ఒక్క వరుస, దాని మీద మామూలు గాజ్. అంటుకునేదేదీ ఆ చోట వేయొద్దు.

అసలు మీ అమ్మకు ఈ వారం టేపే వద్దంటా. కింది చివరకు గాజ్ మడత పెట్టి, పైన మెత్తటి నూలు బాడీ వేస్తే అదే పట్టుకుంటది. మొగోళ్లకైతే బిగుతు బనీను. రోజు రోజు కట్టు మార్చక తప్పదు, మెత్త జారుతున్నది అనుకుంటే ఇంకో పద్ధతి. రెండంగుళాల పేపర్ టేపు ముక్కలు కుట్టుకు అటు రెండు, ఇటు రెండు, మంచి తోలు మీద అంటియ్యి. కుట్టు దిక్కు ఉండే చివరను అంగుళం మేర లోపలికి మడిచి దానిదానికే అంటుకునేటట్టు చేయి. ఆ మడతల చిన్న బెజ్జం పెట్టి బ్యాండేజీ పీలికతోని చెప్పు లేసు కట్టినట్టు అటూ ఇటూ కట్టు. కట్టు మార్చాలంటే ముడి విప్పుడే, తోలు మీది టేపు మూడు నాలుగు రోజులు కదిలియ్యనక్కర లేదు.

ఇప్పుడు అంటుకొని ఉన్న టేపు తీసేటప్పుడు పైకి గుంజొద్దు. అంచుకు, కుట్టుకు దూరంగ, కొబ్బరి నూనె రెండు చుక్కలు రాసి అయిదు నిమిషాలు ఆగు. ఒక చేతి వేలుతోని తోలును కిందికి ఒత్తి పట్టి, రెండో చేత్తోని టేపును దాని మీదికే మడుస్తూ, తోలుకు ఆనిచ్చి మెల్లగ తీయి. తర్వాత ఆ జిడ్డు సబ్బు నీళ్లతోని తుడవకపోతే కొత్తది అంటుకోదు. గాజ్ గాయానికి అంటుకుంటే సెలైన్ పోసి పది నిమిషాలు నాననియ్యి. పొడిగ గుంజితే కొత్తగ వచ్చిన తోలు దాంతోనే వస్తది.

మందుల_కొట్టు_పాలమూరు

సిస్టర్ గారు చెప్పిన వరుసే సరి. షాపులో చూపించిన నాలుగు రకాల గురించి నేను చెప్తాను.

పేపర్ టేపు జిగురు తక్కువ, గాలి ఆడుతుంది, తోలును పెద్దగా పీకదు. చెమటకు లేచిపోవడమే దాని లోపం. పొడి చర్మం మీద పెట్టి, అరచేత్తో పది సెకన్లు ఒత్తితే కొంచెం నిలుస్తుంది. ఏ టేపయినా ముందు నడుమ ఆనించి, తర్వాత రెండు వైపులకూ సవరించాలి. ఒక చివర అంటించి రెండో చివర లాగి అతికించడమే చాలా మంది చేసే తప్పు.

లోపల కనబడే ఫిల్ము పూర్తిగా మూసుకున్న, పొడి కుట్టుకు బాగుంటుంది. నీరు లోపలికి పోదు, కట్టు విప్పకుండానే కుట్టు కనబడుతుంది. కానీ అది బయటికి వదిలే ఆవిరి కొంతే. మన మే నెల చెమట అంతకంటే వేగంగా ఊరుతుంది. రెండు గంటల్లో లోపల నీళ్లు నిలిచి, చర్మం బట్టలు ఉతికిన చేతివేళ్ల లాగ తెల్లగా ముడుతలు పడుతుంది. అట్లా నానిన తోలు ఒరుసుకుంటే చాలు ఊడుతుంది. రసి ఉన్న చోట దాన్ని అసలే వేయకండి.

నడుమ మెత్త ఉన్న పట్టీ ఆస్పత్రి రోజులకు సరిపోతుంది. కుట్టంతా కప్పే పొడవుది తీసుకోవాలి. మెత్త కుట్టు దాటి అన్ని వైపులా 2 సెంటీమీటర్లయినా ఉండాలి, లేకపోతే జిగురు వచ్చి కుట్టు మీదే పడుతుంది. ఇంట్లో రోజూ పీకి రోజూ వేయడానికి ఇది పనికిరాదు. దీని జిగురు గంటలు గడిచే కొద్దీ పట్టు పెంచుకుంటుంది.

సిలికాన్ ఫోమ్ గుణం వేరు. చర్మానికి మెల్లగా అంటుతుంది, తీసినప్పుడు పైపొర రాదు. ఒక అంచు లేపి చూసి మళ్లీ అంటించవచ్చు. రసి పీల్చుకుంటుంది, తడి అంచు దాకా రాకపోతే అయిదారు రోజులు ఉంచవచ్చు. అందుకే రేటు. అయితే పెద్దది కొనకండి. ఎండిన పైభాగానికి ఏ పట్టీ అక్కర్లేదు, గాలికి వదిలి పైన ఉతికిన నూలు బట్ట ఉంటే చాలు. కొనదలిస్తే 10x10 సెంటీమీటర్ల ముక్క ఒకటి, తడి ఉన్న చివరకు మాత్రమే, అదీ డాక్టరు చూసిన తర్వాతే. చుట్టూ అంచు ఉన్నదాన్ని కత్తెరతో సగం చేయకండి, కోసిన వైపు నుంచి తడి కారుతుంది. అంచు లేని రకాన్ని కోసుకోవచ్చు. వెండి కలిపిన పట్టీలు ఇంకా ఖరీదు, సర్జన్ రాస్తే తప్ప మీరుగా అడగవద్దు.

టేపు వేయక తప్పని చోట ముందు బారియర్ ఫిల్ము వైప్ ఒకటి రుద్ది, ముప్పై సెకన్లు ఆరనిచ్చి, దాని మీద టేపు వేస్తే పీకినప్పుడు ఆ పొర పోతుంది, తోలు మిగులుతుంది. స్పిరిటు లేని రకం అడగండి, ఒలిచిన తోలు మీద స్పిరిటు మంట లేపుతుంది.

చిట్యాల_అన్న

ఇన్ని ఎందుకు తమ్మీ, యాంటిబయాటిక్ పొడి డబ్బా తెచ్చి సల్లు. రెండు రోజుల్ల ఎండుతది. రాత్రిపూట పసుపు.

వార్డు_సిస్టర్

అన్నా, పొడి సల్లితే ఎండినట్టు కనబడతది గంతే. రసి, పొడి కలిసి పెచ్చు కడతది, దాని కింద చీము ఉన్నా పైకి తెలువది. తెల్లారి కడిగేటప్పుడు ఆ పెచ్చును గోకుడు మొదలైతది. పసుపు కూరల ఎంతన్న వేసుకోండ్రి. గాయం మీద రాస్తే మొత్తం పచ్చగై ఎర్రదనం పెరిగిందా తగ్గిందా కనబడది, పైగ ఆ పసుపు శుభ్రమైనదని నమ్మకం లేదు. డెట్టాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్ గూడ వద్దు, అవి క్రిములతోపాటు కొత్తగ పుట్టే కణాలను గూడ చంపుతయి. బెటాడిన్ రోజూ పోయాలన్న రూలు లేదు, సర్జన్ రాస్తేనే.

కడుగుడు గురించి. 100 మిల్లీలీటర్ల నార్మల్ సెలైన్ సీసా కొను, మూత తీసినంక 24 గంటలు దాటితే పారబొయ్యి. దొరకకపోతే అర లీటరు నీళ్లు అయిదు నిమిషాలు తెర్లనిచ్చి, ముప్పావు టీ చెంచా ఉప్పు కలిపి, మూత పెట్టి చల్లార్చు. ఆ రోజుకే. బోరు నీళ్లు కాగబెట్టకుండ తడి చోట పోయొద్దు. మన నల్లగొండ నీళ్ల ఫ్లోరైడ్ కాగబెడితే పోదు నిజమే, కాని అది ఏండ్లకేండ్లు తాగినోళ్ల పండ్లకు, ఎముకలకు దెబ్బ. ఇక్కడ మన భయం క్రిములతోని.

చేతులు సబ్బుతోని కడిగి, పాత గాజ్ తీసి, మళ్ల కడగాలె. ఈ రెండో కడుగుడు అందరు మరుస్తరు. ముందు ఛాతీ, ఆ తర్వాత డ్రెయిన్ పైపులు తీసిన రంధ్రాలు, ఆఖరికి కాలు. కాలు ముట్టిన చేయి మళ్ల ఛాతీ మీదికి రావొద్దు. గాయం నడుమ నుంచి బయటికి ఒక్కసారి తుడిచిన గాజ్ ముక్క పారేయాలె. దూది నేరుగ పెట్టొద్దు, పోగులు ఇరుక్కుంటయి. తుడిచినంక అయిదు నిమిషాలు ఆరనియ్యి, ఫ్యాను గాలి సూటిగ మీద కొట్టకుండ.

పప్పు తింటే చీము పడుతదనేది ఉత్తమాట. కొత్త తోలు కట్టేది మాంసకృత్తులతోనే. పప్పు, గుడ్డు, పెరుగు, చేప పెట్టండ్రి. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం ఎంత పెట్టాల్నో డాక్టర్‌ను అడగాలె. పథ్యం అంటే ఇక్కడ షుగర్ పథ్యం. అది అదుపుల లేకపోతే ఎంత ఖరీదు పట్టీ వేసినా దండుగే. రోజూ పరగడుపున, తిన్న రెండు గంటలకు చూసి రాసిపెట్టు, ఆ చిట్టీ డాక్టరుకు చూపియ్యి.

దేవరకొండ_పిలగాడు

ఫోటో పంపిన అక్కా. రేపే తీసుకరమ్మన్నరు. కారు మాట్లాడిన. ఇంక మూడు అడుగుతా. అమ్మ జాకెట్టు హుక్కులు సక్కగ కుట్టు మీదికే వస్తున్నయి. పుస్తెలతాడు తీయనంటున్నది, అది గూడ అక్కడ్నే ఆనుతున్నది. కాలికి క్రేప్ బ్యాండేజీ పిక్కకు చుట్టినం, పాదం ఇంక ఉబ్బింది, ఎందుకు?

ఫిజియో_నల్లగొండ

పిక్క ఒక్కదానికే చుడితే అది పంటకాలువకు నడుమ కట్ట వేసినట్టు. కింది నీరు పైకి రాలేక పాదంలోనే నిలుస్తుంది. కాలివేళ్ల మొదలు నుంచి చుట్టడం మొదలుపెట్టి, మడమ కప్పి, మోకాలి కింది దాకా, ప్రతి చుట్టూ కింది చుట్టును సగం కప్పేటట్టు పోవాలి. పాదం దగ్గర కొంచెం గట్టిగా, పైకి పోయే కొద్దీ వదులుగా. వేళ్ల కొనలు బయటికి ఉంచండి. చల్లబడినా, నల్లబడినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పాలి. షుగర్ ఉన్నవాళ్లకు కాలి రక్తనాళాలు సన్నబడి ఉండొచ్చు, కాబట్టి రేపు ఎట్లాగూ పోతున్నారు, బిగించి చుట్టవచ్చా అని అడిగే దాకా వదులుగానే ఉంచండి. పడుకున్నప్పుడు మడమ కింద కాదు, పిక్క పొడవునా దిండ్లు పెట్టి, పాదం గుండె కంటే ఎత్తులో ఉండేటట్టు చూడండి. కుర్చీలో కాళ్లు వేలాడేసి గంటలు గంటలు టీవీ చూడటం వల్లే ఎక్కువ మందికి కాలి రసి ఆగదు. అది పల్చగా, పసుపు పచ్చగా, రోజురోజుకు తగ్గుతూ ఉంటే కంగారు లేదు. గాజ్ రెండు మూడు గంటలకే తడిసిపోతుంటే రేపు తప్పక చెప్పండి.

జాకెట్టు కొన్నాళ్లు పక్కన పెట్టండి. వదులు నైటీ లోపల, ముందు తెరుచుకునే మెత్తటి నూలు బాడీ, తీగ లేనిది. వేడి కదా అని చాలా మంది అదీ వేయరు, అక్కడే కింది చివర తెరుచుకుంటుంది. రెండు రొమ్ముల బరువు అటొకటి ఇటొకటి లాగితే కుట్టుకు ఆ చివర తట్టుకోవడం కష్టం. మొదటి ఆరు వారాలు పడుకున్నప్పుడు కూడా ఉంచితే మేలు. హుక్కులకు, కుట్టుకు నడుమ గాజ్ నాలుగు మడతలు పెట్టండి. రొమ్ముల కింది మడతలో పాత నూలు చీర ముక్క, ఉతికి ఇస్త్రీ చేసింది, తడిసినప్పుడల్లా మార్చండి. పౌడరు వేయకండి, చెమటతో ముద్ద కడుతుంది. ఆ మడతలో దురదతో ఎర్రగా అయి చుట్టూ చిన్న చిన్న చుక్కలు కనబడితే అది ఫంగస్, టేపు తప్పు కాదు, దానికి మందు వేరు.

పుస్తెలతాడు తీయమని పట్టుబట్టకండి. కుట్టు పైకొస కంటే పైన నిలిచేటట్టు తాడును మెడ వెనక ముడి వేసి పొట్టి చేయండి, లేదా పుస్తెలను చిన్న శుభ్రమైన గుడ్డలో చుట్టి భుజం వైపు నైటీకి పిన్ను పెట్టండి. పసుపుతాడయితే చెమటకు నానుతుంది, కొత్తది మార్చండి.

కారులో వెనక సీటు. బెల్టు పెట్టుకోవాల్సిందే, దానికి, ఛాతీకి నడుమ మడిచిన తువ్వాల పెట్టాలి. గంటకోసారి ఆపి నాలుగడుగులు వేయించండి. దించేటప్పుడు చేతులు పట్టి గుంజడం, చంకల కింద చేతులు పెట్టి లేపడం చేయకండి, రొమ్ము ఎముక మీద లాగుడు పడుతుంది. ఆమె రెండు చేతులు ఛాతీకి కట్టుకుని కాళ్ల బలంతో లేస్తే మీరు నడుము దగ్గర పట్టుకోండి. దగ్గు వస్తే చిన్న దిండు గట్టిగా హత్తుకొని దగ్గాలి. దిండు ఎప్పుడూ ఒళ్లోనే ఉంచండి.

మందుల_కొట్టు_పాలమూరు

రేపు పోయేటప్పుడు ఇంట్లో వాడిన టేపు ముక్క, పట్టీ ఖాళీ కవరు పట్టుకుపోండి. ఏ జిగురుకు తోలు లేచిందో డిశ్చార్జి ఫైలులో రాయించండి, మళ్లీ ఎప్పుడు అడ్మిట్ అయినా పనికొస్తుంది. ఆరోగ్యశ్రీ మీద చేయించుకుని ఉంటే తర్వాతి పరీక్షలు, మందుల్లో ఏవి దాని కిందికి వస్తాయో అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి.

మచ్చల కోసం సిలికాన్ షీట్లు అని షాపుల్లో వేరే అమ్ముతారు. పేరు ఒకటే కదా అని వాటిని సిలికాన్ ఫోమ్ బదులు ఇప్పుడు వేయకండి. అవి పెచ్చులన్నీ రాలి, ఎక్కడా తడి లేకుండా కుట్టు పూర్తిగా మూసుకున్న తర్వాతే. ఛాతీ నడుమ భాగం మచ్చ ఉబ్బడానికి పేరుపడ్డ చోటు, కాబట్టి అప్పుడు వేయడం మంచిదే. మొదట రోజుకు నాలుగు గంటలతో మొదలుపెట్టి, దద్దు లేకపోతే పెంచుకుంటూ పన్నెండు గంటలు దాటించి, రెండు మూడు నెలలు. రోజూ షీటూ చర్మమూ రెండూ కడిగి ఆరబెట్టాలి. ఈ ఎండల్లో ఆ పని ఒక్కరోజు మానినా చెమటకాయలు లేస్తాయి.

ఒకవేళ నెల దాటాక కుట్టు పొంటి మొటిమ లాంటిది లేచి, అందులో దారం కొస కనబడితే గుంజకండి. లోపల కరిగే దారం ముడి అట్లా బయటికి వస్తుంది. ఒక గాజ్ ముక్క పెట్టి తీసుకుపోయి చూపించండి.